వీరగల్లు లేని సిపాయి

చిత్తూరు సీమ పడమటి తాలూకాలలో తిరిగినవారికి వీరగల్లులు కొత్త కాదు. పుంగనూరు, పలమనేరు, మదనపల్లె ప్రాంతాలలో ఊరి పొలిమేరన, చెరువు కట్ట దాపున, చేని గట్టు మీద నిలబెట్టిన రాతిపలకలు అవి. ఆయుధం పట్టి నిలిచిన మనిషి బొమ్మ ఒకటి, కొన్నింటి మీద నాలుగు పంక్తుల శాసనం. బాణులు, నొళంబులు, వైదుంబులు ఈ నేల కోసం పెనుగులాడిన తొమ్మిది, పది శతాబ్దాల నాటివి వీటిలో చాలా ఉన్నాయి. సోరెమతి యుద్ధంలో పడినవారి రాళ్లు ఉన్నాయి. పశువుల మందను తోలుకుపోయే దొంగలకు అడ్డం పడి ప్రాణం విడిచినవారి రాళ్లూ ఉన్నాయి. శాసనం ఉన్న చోట రాజు పేరుతోపాటు పడిన బంటు పేరు కూడా చదవవచ్చు. కావ్యాలలో ఇట్టి భాగ్యం కాల్బలానికి అరుదు. తిరుపతి ప్రాచ్య కళాశాలలో చదివి, ముప్పది నాలుగేండ్లు బడిలో తెలుగు పాఠాలు చెప్పినవాడిని కనుక ఈ మాట అనగలను. తిక్కన సోమయాజి యుద్ధపర్వాలలో అక్షౌహిణులకొద్దీ సేన నేలకూలుతుంది; పేర్లు మాత్రం రథికులవే.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది మా తాతను గురించి. అట్టి రాళ్లు నిలిపిన సీమలో పుట్టి, రెండవ ప్రపంచ యుద్ధంలో ఆరేండ్లు సిపాయిగా పనిచేసి, ఏ రాతి మీదా పేరు లేకుండా వెళ్లిపోయిన మనిషి ఆయన. అయితే ఆయన దాకా రావడానికి ముందు ఒక మాట పుట్టుక చెప్పవలసి ఉన్నది.

ఉత్తర హిందుస్థానంలో ఒకప్పుడు సిపాయిని 'తిలంగా' అనేవారు. 1756 అక్టోబరులో క్లైవు మద్రాసు నుంచి ఓడలలో వంగదేశానికి పోయినప్పుడు అతని వెంట దక్షిణాది సిపాయిలు వెళ్లారు. మరుసటి యేడు జూన్ 23న పలాశీ యుద్ధంలో ఉన్నవారిలో వీరూ ఉన్నారు. తెలుగు దేశం నుంచి వచ్చిన సిపాయిలు కనుక ఆ ప్రాంతంవారు వీరిని తిలంగాలు అన్నారు. క్రమంగా ఆ మాట అర్థం విస్తరించి, కంపెనీ కొలువులో ఎర్రకోటు తొడిగిన ప్రతి సిపాయికీ పేరైపోయింది. 1857లో ఢిల్లీలో తిరగబడిన అవధు, బీహారు సిపాయిలను కూడా నాటి ఉర్దూ రచయితలు తిలంగాలనే రాశారు. ఒక జాతి పేరు వృత్తి పేరుగా మారడం భాషాశాస్త్రంలో వింత కాదు గాని, ఆ జాతి మనదైనప్పుడు కొంచెం ఆగి ఆలోచించాలనిపిస్తుంది.

ఎందుకంటే, ఆ తరువాత ముప్పై యేండ్లకే తెలుగువాడు యుద్ధానికి పనికిరాడనే సిద్ధాంతం వచ్చింది. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉన్న రాబర్ట్సు దొర, ఆపైన యావద్భారత సేనాధిపతి అయి, దక్షిణాది సిపాయిలను తగ్గించి వాయవ్య ప్రాంతాల వారిని పెంచే విధానాన్ని నడిపించాడు. 'యోధజాతులు', 'యోధులు కాని జాతులు' అని ప్రజలను రెండు గంపలలో వేశారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత మద్రాసు పదాతి పటాలాలను ఒక్కొక్కటిగా రద్దు చేసి 1928 నాటికి ఆ పని పూర్తి చేశారు. మద్రాసు పయొనీర్లను 1933లో తీసివేశారు. మిగిలినది ఒక్క మద్రాసు సాపర్ల దళం. హైదరలీ కర్ణాటక సీమ మీద పడిన 1780వ సంవత్సరంలో, సెప్టెంబరు 30న, రెండు కంపెనీలతో పుట్టిన దళమిది. ఆ హైదరలీయే 1782 డిసెంబరు 7న మా చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట విడిదిలో కన్నుమూశాడు.

సాపర్ల పని తుపాకి కంటె పలుగు, పారలతో ఎక్కువ. సేన నడవడానికి దారి వేయడం, వంతెన కట్టడం, శత్రువు దారిని పేల్చివేయడం, నేలలో పాతిన మందుపాతరలను వెలికి తీయడం వారి విధులు. ముళ్లకంచెలను ఛేదించడానికి లోకంలోని సైన్యాలన్నీ వాడిన 'బెంగళూరు టార్పీడో' అనే పేలుడు గొట్టాన్ని 1912లో కనిపెట్టినది మద్రాసు సాపర్ల దళంలోని అధికారి మెక్లింటాకు. గొట్టంలో మందు కూరి కంచె కిందికి తోసి పేల్చడమే దాని కిటుకు. మా తాత బెంగళూరులో నేర్చుకున్న మొదటి విద్యలలో ఇది ఒకటి.

ఆయన పరీధావి నామ సంవత్సరంలో, అంటే 1912లో, పాకాల సమీపంలోని ఒక పల్లెలో పుట్టారు. ఇంటికి మూడెకరాల మెట్ట, దాని మీద అంతకు మించిన అప్పు. 1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో భారతీయులెవరినీ అడగకుండానే భారతదేశం యుద్ధంలో ఉన్నదని ప్రకటించాడు. దానికి నిరసనగా అక్టోబరు చివర రాజాజీ మంత్రివర్గం రాజీనామా ఇచ్చింది. మా తాతకు ఈ సంగతులు తెలియవని చెప్పలేను. తెలిసి కూడా 1940లో ఆయన పటాలంలో చేరారు. ఆ యేడు వేరుసెనగ పోయింది. చిత్తూరులో కొలతలు తీసుకుని, కాట్పాడి మీదుగా రైలెక్కించి బెంగళూరు పంపారు. ఇంట్లో అవ్వ, ఆరేండ్ల మా నాయన.

ఇక్కడ కొన్ని అంకెలు చెప్పాలి. యుద్ధం మొదలైనప్పుడు భారత సైన్యం సుమారు 2 లక్షలు. ముగిసేనాటికి 25 లక్షలు. ఇందులో నిర్బంధంగా పట్టుకుపోయినవారు లేరు. లోకచరిత్రలోనే స్వచ్ఛందంగా చేరినవారితో ఏర్పడిన అతి పెద్ద సేన అని దీనికి పేరు. దాదాపు 87 వేలమంది తిరిగి రాలేదు. అంత సేన కావలసి వచ్చేసరికి 'యోధులు కాని జాతులు' అన్న సిద్ధాంతం అటక మీదికి పోయింది. మద్రాసు రెజిమెంటును 1941లో మళ్లీ నిలబెట్టారు. 'స్వచ్ఛందం' అన్న మాట ఒక్కటే నాకు గొంతు దిగదు. ఇచ్ఛ అనేది కడుపు నిండినవాడి దగ్గర ఒక రకంగా, వాన రాని పల్లెలో మరొక రకంగా ఉంటుంది. నిఘంటువులో మాత్రం రెంటికీ ఒకే అర్థం.

మా తాత మద్రాసు సాపర్ల కంపెనీతో 1941లో బొంబాయిలో ఓడ ఎక్కి సూయజు చేరి, నాలుగవ భారత డివిజనులో కలిశారు. ఆ డివిజను అప్పటికే ఎరిత్రియాలో కెరెను కొండల యుద్ధం గెలిచి ఉన్నది. తరువాత ఉత్తరాఫ్రికా ఎడారి, ట్యునీసియా, 1944లో ఇటలీ. ఆయన విడుదల పుస్తకంలో ఈ దేశాల పేర్లు వరుసగా ఉన్నాయి. మూడు కంచు నక్షత్రాలు, రెండు గుండ్రని పతకాలు మా నాయన ట్రంకుపెట్టెలో ఉండేవి. భారత సైనికుల పతకాల మీద వారి వారి నంబరు, హోదా, పేరు చెక్కి ఇచ్చేవారు. ఆఫ్రికా నక్షత్రపు పట్టీది ఇసుక రంగు. ఇటలీ నక్షత్రపు పట్టీలో ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ. ఆయన వాటిని తొడుక్కోగా నేను చూడలేదు.

యుద్ధం గురించి ఆయన చెప్పినది అతి స్వల్పం. ఊరివాళ్లు 'సాపరు మైనరు' అని పిలిస్తే పలికేవారు. పటాలంలో దొరలు 'తంబీ' అనేవారట. మద్రాసు సాపర్లందరికీ అదే ముద్దుపేరు. తమిళుడైనా, తెలుగువాడైనా, కన్నడిగుడైనా తంబియే. నేను అడిగిన ప్రశ్నలన్నింటిలోకి ఆయన నోరు విప్పి జవాబు చెప్పినది ఇటలీ కొండను గురించి ఒక్కటే.

"ఆడి రాయి సున్నపురాయి, నాయనా. మన బండ ముందర అది బెల్లం."

ఆ కొండ పేరు కాసినో. దాని శిఖరం మీద క్రైస్తవ సన్యాసుల పురాతనమైన మఠం ఒకటి. రోముకు పోయే దారికి అడ్డంగా జర్మనులు ఆ కొండను పట్టుకుని కూర్చున్నారు. 1944 ఫిబ్రవరి 15న మిత్రపక్షాల విమానాలు ఆ మఠాన్ని నేలమట్టం చేశాయి. తరువాత నాలుగవ భారత డివిజను, న్యూజిలాండు డివిజను ఆ కొండ మీదికి మళ్లీ మళ్లీ ఎక్కబోయి దెబ్బ తిన్నాయి. మార్చి నెల దాడిలోనే మన డివిజనులో చనిపోయినవారు, గాయపడినవారు, కనిపించకపోయినవారు కలిపి సుమారు 3 వేలమంది. ఆ దాడికి ముందు మన సాపర్లు, న్యూజిలాండు ఇంజినీర్లు కలిసి కొండ వెనుక వైపున ఒక దారి వేశారు. 'కావెండిషు దారి' అని దానికి పేరు. గాడిదలు నడిచే కాలిబాటను, శత్రువు కంటబడకుండా బండలు పేల్చి, ట్యాంకులు ఎక్కే వెడల్పుకు తెచ్చారు. మార్చి 19న ఆ దారిలో ట్యాంకులు ఎక్కాయి. వాటి వెంట పదాతి దళం లేకపోవడం వల్ల దాడి విఫలమై వెనక్కు వచ్చాయి. దారి వేసినవారి పని మాత్రం విఫలమైనదని ఎవరూ అనలేదు.

ఆ కాసినోకు దక్షిణాన మిన్యానో అనే చోట, అదే సంవత్సరం జూన్ 24న, మద్రాసు సాపర్ల దళానికి చెందిన సుబేదారు సుబ్రమణ్యం మందుపాతరలు తీసే పనిలో ఉన్నాడు. ఒక పాతర అంటుకున్న చప్పుడు వినబడింది. పేలడానికి నడుమ ఉండేది క్షణాలు. ఆయన దాని మీద బోర్లా పడి, తన ఒంటితో కప్పి, చుట్టూ ఉన్నవారిని కాపాడాడు. మరణానంతరం ఆయనకు జార్జి క్రాసు ఇచ్చారు. ఆ పతకం పొందిన మొదటి భారతీయుడు ఆయనే. ఆయన తమిళుడు, కాంచీపురం ప్రాంతంవాడు. మా తాత ఆయనను ఎరుగుదురో లేదో నాకు తెలియదు. కాని ఈ కథ పుస్తకంలో చదివిన రోజున నాకు గుర్తుకు వచ్చినది ఇటలీ కాదు. మా ఊరి పడమటి బావి.

యుద్ధం ముగిసి 1946లో తాత తిరిగి వచ్చారు. యుద్ధకాలానికి చేర్చుకున్నవారికి పించను లేదు. చేతిలో కొంత రొక్కం పెట్టి పంపారు. మాజీ సైనికుడని దరఖాస్తు మీద గుట్ట అంచున రెండున్నర ఎకరాల పట్టా దొరికింది. మా సీమ భూమి ఎరిగినవారికి ఆ భూమి ఎలాంటిదో చెప్పనక్కరలేదు. పైన జానెడు మన్ను, కింద గరుసు, ఆ కింద నల్లబండ. బావి లేనిదే పైరు లేదు, బండ పగలనిదే బావి లేదు. తాత తన చేలో బావి తానే తవ్వారు. కమ్మితో సుత్తితో బండకు గుంట కొట్టి, మందు కూరి, వత్తి పెట్టి పేల్చడం ఊళ్లో అంతకు ముందూ ఉన్న పనే. కాని అది చేతులు పోగొట్టుకునే పని. తాత వచ్చాక అది లెక్క ప్రకారం సాగే పని అయింది. బండ నెర్రె ఎటు పోతున్నదో చూసి గుంట ఎక్కడ వేయాలో చెప్పేవారు. ఎంత లోతుకు ఎంత మందో కొలిచి పోసేవారు. చుట్టుపక్కల నాలుగైదు పల్లెలలో ఆయన చేతి మీదుగా దిగిన బావులు పదకొండు. కూలి తీసుకునేవారు, పేదవాళ్ల దగ్గర గింజలు తీసుకునేవారు.

1969లో పడమటి బావి లోతు చేస్తుండగా నేను గట్టు మీద ఉన్నాను. తొమ్మిదేండ్లవాడిని. ఆ రోజు నాలుగు గుంటలకు మందు పెట్టారు. అందరినీ దూరం పంపి, వత్తులు ముట్టించి పైకి వచ్చి తాత చింతచెట్టు వెనుక నిలబడ్డారు. పేలుడు, పేలుడు, పేలుడు. ఆపైన నిశ్శబ్దం. పనివాళ్లు లేచి బావి వైపు నడిచారు. తాత గొంతు అంత గట్టిగా నేను మునుపెన్నడూ వినలేదు.

"నిలబడండ్రా! ఎన్ని లెక్కబెట్టినారు?"

మూడే పేలాయి. తాత ఆనాటికి పని నిలిపివేశారు. ఆ రాత్రి బావి దగ్గరకు ఎవరూ రాకుండా గట్టు మీద మంచం వేసుకుని పడుకున్నారు. తెల్లవారి ఒక్కరే దిగారు. పేలని గుంటను పెరికి చూడరాదన్నది ఆ విద్యలో మొదటి నియమం. దానికి ఎడంగా మరొక గుంట కొట్టి, కొత్త మందు పెట్టి, రెంటినీ కలిపి పేల్చాలి. ఆ కొట్టడం ఎవరికీ అప్పగించలేదు. పైనుంచి మాకు కమ్మి మీద పడే సుత్తి దెబ్బ వినబడేది. దెబ్బకూ దెబ్బకూ నడుమ చాలా ఎడం ఉండేది. అవ్వ కొంగు నోట కుక్కుకుని గట్టున కూర్చుని ఉన్నది. మధ్యాహ్నానికి అది కూడా పేలింది. పైకి వచ్చాక అవ్వ ఒక్క మాటే అన్నది.

"యుద్ధం అయిపోయిందని ఇంటికొచ్చినావు గదా, ఇంగా యెందుకు?"

తాత కాళ్లు కడుక్కుని అన్నానికి కూర్చున్నారు.

ఇంకొక సంగతి కూడా రాయవలసి ఉన్నది. 1972 స్వాతంత్ర్య రజతోత్సవ సంవత్సరం. ఆ యేడు ప్రభుత్వం స్వాతంత్ర్య సమరయోధులకు తామ్రపత్రాలు ఇచ్చి, పించను మొదలుపెట్టింది. మా పక్క పల్లెలో ఒక పెద్దాయనకు తామ్రపత్రం వచ్చింది. క్విట్ ఇండియా రోజులలో వేలూరు జైలులో ఉన్నాయన. ఆయనకు సన్మానం చేస్తూ రచ్చబండ దగ్గర సభ పెట్టారు. తాతకు అదే యేడు అరవై నిండాయి. ఆయన పుట్టిన పరీధావి మళ్లీ తిరిగి వచ్చిన సంవత్సరం. సభలో తాత వెనుక వరుసలో కూర్చున్నారు. ఎవడో కుర్రవాడు, నవ్వులాటకే కావచ్చు, "ఏం తాతా, నువ్వు తెల్లోడికి సలాం కొట్టినోడివి గదా, నీకేమిస్తారు?" అన్నాడు.

తాత కోపగించలేదు. "కొట్టినాను నాయనా. ఆ సలాము మనియార్డరుతోనే వీళ్ల నాయన చదువుకున్నాడు" అని నా తల మీద చెయ్యి వేశారు.

ఈ మాట వేదిక మీది పెద్దాయన చెవిన పడింది. ఆయన దిగి వచ్చి తాత పక్కన కూర్చున్నారు. "నలభై రెండు ఆగస్టులో నువ్వు యాడుంటివి?" అని అడిగారు. "ఈజిప్టు ఇసకలో" అన్నారు తాత. "నేను వేలూరు జైల్లో. ఇద్దరమూ తెల్లోని కూడే తిన్నాం లే. నాది జైలు కూడు, నీది పటాలం కూడు" అని ఆ పెద్దాయన నవ్వారు. ఆయన చేలో బావి తవ్వినది కూడా మా తాతే అన్న సంగతి ఆ కుర్రవాడికి తెలియదు.

బడిలో ముప్పది నాలుగేండ్లలో నా చేతికి వచ్చిన పాఠ్యపుస్తకాలలో స్వాతంత్ర్యోద్యమ పాఠాలు చాలా ఉన్నాయి. ఉండవలసినవే. 1945 నవంబరులో ఎర్రకోటలో మొదలైన ఆజాద్ హింద్ ఫౌజు అధికారుల విచారణ ఉన్నది. 1946 ఫిబ్రవరి నావికుల తిరుగుబాటు ఉన్నది. ఆ 25 లక్షల మంది మాత్రం పాఠంలో లేరు. తెల్లవానితో పోరాడినవారి గడిలో వారిని రాయలేము. ద్రోహుల గడిలో రాయడానికి మనస్సు ఒప్పదు. రెండు గడులే ఉన్న పుస్తకంలో మూడవ రకం మనిషికి చోటు దొరకదు. అయితే చరిత్రకారులు మరొక మాట కూడా అంటున్నారు: ఆయుధం పట్టడం, ఇంజనులు నడపడం, లోకం చూడడం నేర్చి ఇంటికి తిరిగి వచ్చిన ఇంతమంది సైనికుల మీద ఇక నమ్మకం పెట్టుకుని ఏలలేమని 1946 నాటికి ప్రభుత్వానికే తెలిసివచ్చింది. నావికులు తిరగబడినప్పుడు ఆ భయం బయటపడింది. మా తాత తిరగబడలేదు. ఆయన ఆ యేడు బావి తవ్వుతున్నారు.

సైనికులను మన ప్రాంతం మరచిపోయిందని నేను నిందించడం లేదు. 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో 1వ గూర్ఖా రైఫిల్స్ అయిదవ పటాలాన్ని నడిపి, జెస్సోరు రంగంలో ఉథాలి, దర్శన స్థావరాల పోరులో మహావీర చక్ర పొందిన మేజరు జనరలు సి. వేణుగోపాల్ తిరుపతివారు. ఆ విజయానికి యాభయ్యవ సంవత్సరం వచ్చినప్పుడు, 2021 ఫిబ్రవరిలో, విజయజ్యోతిని తిరుపతికి తెచ్చారు. నాటి ముఖ్యమంత్రి స్వయంగా ఆయన ఇంటికి వెళ్లి సన్మానించారు. ఊరంతా సంతోషించింది, నేనూ సంతోషించాను. స్వతంత్ర దేశపు జెండా కింద పోరాడిన సేనానికి దక్కవలసిన గౌరవమే అది. ఆ జెండా ఎగరడానికి ముందు పనిచేసినవారి విషయంలోనే మనకు తడబాటు.

ఒక విచిత్రం చూడండి. ఆ యుద్ధంలో చనిపోయినవారికి రాయి ఉన్నది. ఇటలీలో సాంగ్రో నది దగ్గరి యుద్ధ శ్మశానంలో, దహనసంస్కారం జరిగిన అయిదు వందలకు పైగా భారత సైనికుల స్మారకం ఉన్నది. కాసినోలోనూ మనవారి సమాధులు, పేర్లు ఉన్నాయి. కామన్వెల్తు యుద్ధ సమాధుల సంఘం వారి జాబితాలో పేరు కొట్టి వెతికితే నంబరు, దళం, చాలా చోట్ల తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా కనిపిస్తాయి. పాత వీరగల్లు శాసనంలో ఉండే వివరాలు ఇంచుమించు ఇవే. బ్రతికి ఇల్లు చేరినవారికి ఇది కూడా లేదు. వారి పేరు ట్రంకుపెట్టెలోని పతకం అంచు మీద ఉన్నది, లేదా పాత ఇత్తడి సామానుతోపాటు తూకానికి పోయింది.

తాత 1981లో, దుర్మతి సంవత్సరంలో పోయారు. చివరి రోజులలో కూడా కొత్త చోటికి వెళ్తే ముందు నడిచినవారి అడుగుల మీదనే అడుగు వేసేవారు. మాగాణి గట్టు కాని చోట, చేతికర్రను ఏటవాలుగా నేలకు ఆనించి చూసి గాని కాలు పెట్టేవారు కాదు. మందుపాతరలను వెతికేవారు బానెట్టును నిటారుగా గుచ్చరనీ, పాతర తలను నొక్కకుండా పక్కనుంచి తగిలేలా ఏటవాలుగా గుచ్చుతారనీ నేను తరువాత చదివాను. ముప్పై అయిదేండ్లయినా ఆ చేయి ఆ వాలు మరువలేదు. ఆయన చెప్పని యుద్ధమంతా ఆ చేతికర్ర వాలులో ఉన్నదని నాకు తోస్తుంది.

బావుల సంగతి. కపిల బానలు పోయి మోటార్లు వచ్చాయి. మోటార్ల వెనుక బోర్లు వచ్చాయి. మా పడమటి మండలాలలో బోరు వెయ్యి అడుగులకు దిగిన చోట్లు ఉన్నాయి. తాత తవ్విన పదకొండింటిలో ఏడు పూడిపోయాయి, మూడింటిలో వానాకాలంలో నీళ్లు నిలుస్తాయి. గుట్ట అంచున మా సొంత బావి ఒక్కటి మిగిలినది. గత సంవత్సరం వానలకు ఊట పడితే, మెట్ల మీద దిగి చూశాను. బండ గోడ మీద కమ్మి కొట్టిన సగం గుంటల చారలు, నిలువునా, వరుసగా, చేతి వేలు పట్టేంత వెడల్పున ఇప్పటికీ ఉన్నాయి. లెక్కబెట్టితే ఒక్క తూర్పు గోడ మీదనే ఇరవై ఆరు.

మిత్రులకు ఒక విన్నపం. మీ ఇళ్లలోనూ ఇట్టి తాతలు ఉండి ఉంటారు. 2022లో జిల్లాలు విడిపోయి మేము తిరుపతివారమా, చిత్తూరువారమా అన్న చర్చలో పడ్డాము గాని, ఏ తాలూకా నుంచి ఎవరు పటాలానికి పోయారో రాసి పెట్టుకున్న ఊరు నాకు కనబడలేదు. పాత పెట్టెలు ఒకసారి తెరిచి చూడండి. విడుదల పుస్తకం దొరికితే, అందులో నంబరు, దళం పేరు, చేరిన తేదీ, వదలిన తేదీ ఉంటాయి. వాటిని ఎక్కించి పెట్టుకోండి. పతకాలు ఉంటే గుండ్రటి వాటి అంచును, నక్షత్రాల వెనుక వైపును మెత్తటి గుడ్డతో తుడిచి చదవండి. చింతపండు పెట్టి తోమకండి, అక్షరాలు అరుగుతాయి. అవ్వలు ఉంటే అడగండి. తాతలు చెప్పని సంగతులు వారికి తెలిసి ఉంటాయి. మీకు దొరికిన పేర్లు నాకు రాసి పంపితే, మా నాయన ట్రంకుపెట్టెలోని నంబరు పక్కన వాటిని కూడా ఒక వరుసలో రాస్తాను.

ఇప్పటికి సెలవు.